చిన్న విమానాల రోటరీ ఇంజిన్లు: ధర నిర్ణయం, విపణి అవకాశాలు

వ్యాససంగ్రహం

వాంకెల్ రోటరీ ఇంజిన్‌లో కదిలే భాగాలు తక్కువ, బరువు తక్కువ, కంపనం తక్కువ. అయినా ఆరు దశాబ్దాల ప్రయత్నాల తరువాత కూడా అది మనుషులు ప్రయాణించే చిన్న విమానాల విపణిలో నిలదొక్కుకోలేదు. దీనికి సాంకేతిక లోపాలను మాత్రమే కారణంగా చూపడం పరిపాటి. స్థిర వ్యయం ఎన్ని ఇంజిన్ల మీద పంపిణీ అవుతుంది, వాహనం ఎన్ని గంటలు ఎగురుతుంది అన్న రెండు అంశాల ఆధారంగా ఈ వైఫల్యాన్నీ, ఈ ఇంజిన్‌కు నిజంగా మిగిలివున్న విపణినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చివరి భాగంలో నిశాంత్ మానవరహిత విమానం కోసం మన దేశంలో రూపొందిన 55 హార్స్‌పవర్ ఇంజిన్ అనుభవం చర్చకు వస్తుంది.

కీలక పదాలు: వాంకెల్ ఇంజిన్, స్థిర వ్యయం, అభ్యసన వక్రరేఖ, ధ్రువీకరణ, మానవరహిత విమానాలు, నిశాంత్

ప్రస్తావన

మెకానికల్ ఇంజనీరింగ్ తరగతి గదిలో కోత నమూనా ముందు నిలబడి రోటరీ ఇంజిన్‌ను వివరించే అధ్యాపకుడికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇంత సరళమైన యంత్రం చౌకగా ఉండాలి కదా, మరి విమానాలలో ఎందుకు కనిపించదు? ఈ ప్రశ్నకు పాఠ్యగ్రంథాలు ఇచ్చే జవాబు సాధారణంగా సీళ్ల అరుగుదలతో మొదలై ఇంధన వినియోగంతో ముగుస్తుంది. ఆ జవాబు తప్పు కాదు, కానీ అసంపూర్ణం. సీళ్ల సమస్యను మాజ్డా సంస్థ 1960లలోనే చాలావరకు అదుపులోకి తెచ్చింది. ఇంధనం ఎక్కువగా తాగే యంత్రాలు విమానరంగంలో దశాబ్దాలపాటు నిలిచిన ఉదాహరణలూ ఉన్నాయి. కనుక ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి. సరళమైన యంత్రం చౌకగా ఉండితీరాలన్న ఊహ ఎక్కడి నుంచి వచ్చింది? అది ఎంతవరకు నిజం?

ఈ చర్చ మనకు కేవలం సిద్ధాంతపరమైనది కాదు. మానవరహిత విమానాల తయారీకి ప్రోత్సాహకాలు ప్రకటించిన మన దేశంలో, ఆ విమానాలకు కావలసిన 30 నుంచి 120 హార్స్‌పవర్ శ్రేణి ఇంజిన్లు ఇప్పటికీ అధికభాగం దిగుమతులే. ఏ రకం ఇంజిన్ మీద పరిశోధన నిధులు వెచ్చించాలి అన్న నిర్ణయం వెనుక ధర గురించిన స్పష్టత లేకపోతే, ప్రయోగశాలలో విజయవంతమైన ఇంజిన్ అక్కడే ఆగిపోతుంది.

ఒక పేరు, రెండు యంత్రాలు

ముందుగా పేరు విషయంలో ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమాన చరిత్రలో రోటరీ ఇంజిన్ అంటే ఫ్రెంచి నోమ్, ల రోన్ సంస్థల ఇంజిన్లు. వాటిలో క్రాంక్ దండం కదలకుండా ఉంటే, దాని చుట్టూ సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి తిరిగేవి. అవి పిస్టన్ ఇంజిన్లే. ఈ వ్యాసంలో రోటరీ ఇంజిన్ అంటే జర్మన్ ఆవిష్కర్త ఫెలిక్స్ వాంకెల్ పేరుతో ప్రసిద్ధమైన ఇంజిన్ మాత్రమే.

ఎన్‌ఎస్‌యూ సంస్థలో దీని తొలి నమూనా 1957 ఫిబ్రవరిలో నడిచింది. అందులో బయటి గూడు కూడా తిరిగేది. స్పార్క్ ప్లగ్ మార్చాలంటే ఇంజిన్‌ను విప్పవలసి వచ్చేది. గూడును స్థిరంగా ఉంచి, లోపలి రోటర్ మాత్రమే ఉత్కేంద్ర మార్గంలో తిరిగేలా హాన్స్ డీటర్ పాష్కే రూపొందించిన అమరిక 1958లో వచ్చింది. నేడు మనం చూసే రోటరీ ఇంజిన్లన్నిటికీ మాతృక అదే. ఆ మార్పు వాంకెల్‌కు నచ్చలేదు. కానీ తయారీ సాధ్యమైంది ఆ మార్పు వల్లనే.

ఎపిట్రోకాయిడ్ ఆకారపు గూడు లోపల కొంచెం ఉబ్బిన త్రిభుజం వంటి రోటర్ తిరుగుతుంది. దాని మూడు ముఖాల వద్ద చూషణ, సంపీడన, దహన, నిష్కాస దశలు వరుసగా జరుగుతాయి. రోటర్ ఒక చుట్టు తిరిగే లోపల ఉత్కేంద్ర దండం మూడు చుట్లు తిరుగుతుంది. అంటే దండం ఒక్కొక్క చుట్టుకు, ఒక్కొక్క రోటర్‌కు ఒక శక్తి ఘాతం లభిస్తుంది. కవాటాలు లేవు, క్యామ్ దండం లేదు, ముందుకూ వెనక్కూ ఊగే పిస్టన్ లేదు. రోటర్ శిఖరాల వద్ద ఉండే అపెక్స్ సీళ్లు వాయువును బంధిస్తాయి.

విమానానికి ఇందులో ఆకర్షణీయమైనది బరువు ఒక్కటే కాదు. పిస్టన్ ఇంజిన్‌లో కవాటం విరిగినా, కనెక్టింగ్ రాడ్ తెగినా ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోవచ్చు. రోటరీలో సీలు అరిగితే శక్తి తగ్గుతుంది గానీ, చాలా సందర్భాలలో దండం తిరుగుతూనే ఉంటుంది. విమానచోదకుడికి ఆ తేడా విలువ ఏమిటో వివరించనక్కరలేదు.

ప్రతికూలతలు కూడా ఈ ఆకారంలోనే ఇమిడి ఉన్నాయి. దహన గది పొడవుగా, పలుచగా ఉండడంతో ఉపరితలం ఎక్కువై ఉష్ణం గోడల్లోకి పోతుంది. మంట మూలలకు చేరేలోగానే నిష్కాస ద్వారం తెరుచుకుంటుంది. ఫలితంగా ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, బయటికి వచ్చే వాయువులు బాగా వేడిగా ఉంటాయి, చప్పుడు పదునుగా ఉంటుంది. పూర్తి శక్తి కోసం దండం నిమిషానికి 6,000 చుట్లు, అంతకు పైన కూడా తిరగాలి. చిన్న విమానాల ప్రొపెల్లర్ సాధారణంగా 2,700 చుట్లు దాటదు. కనుక మధ్యలో వేగం తగ్గించే గేరు పెట్టె తప్పనిసరి. రేడియేటర్, బరువైన మఫ్లర్, గేరు పెట్టె చేర్చిన తరువాత కూడా ఇంజిన్ తేలికగానే ఉందా అని అడగాలి. ప్రచారపత్రాలలో కనిపించే బరువు చాలాసార్లు ఈ మూడూ లేని బరువు.

ధర ఎక్కడ పుడుతుంది

భాగాలు తక్కువ కనుక ధర తక్కువ అన్న వాదన కూర్పు శ్రమను మాత్రమే లెక్కిస్తుంది. తయారీ వ్యయంలో అది ఒక భాగమే. రోటరీ ఇంజిన్ గూడు లోపలి గోడను ఎపిట్రోకాయిడ్ వక్రంలో అతి సూక్ష్మమైన కచ్చితత్వంతో రుద్దాలి. గుండ్రని సిలిండర్‌ను తొలిచే యంత్రాలు ప్రతి పారిశ్రామిక వాడలోనూ దొరుకుతాయి. ఈ వక్రాన్ని రుద్దే యంత్రాలను ప్రత్యేకంగా సమకూర్చుకోవాలి. అల్యూమినియం గోడ మీద నికెల్-సిలికాన్ కార్బైడ్ వంటి కఠినమైన పూత వేయాలి. ఆ పూతకూ అపెక్స్ సీలు పదార్థానికీ పొత్తు కుదరాలి. కుదరకపోతే గోడ మీద అలల వంటి గీతలు పడతాయి. మాజ్డా ఇంజనీర్లు వాటిని దయ్యపు గోళ్ల గుర్తులని పిలుచుకున్నారు. కెనిచి యామమోటో నాయకత్వంలో ఒక బృందం ఆ గీతల మీదే ఏళ్ల తరబడి పనిచేసింది.

అంటే రోటరీలో చర వ్యయం తగ్గుతుంది, స్థిర వ్యయం పెరుగుతుంది. ఇటువంటి వస్తువు చౌక కావాలంటే ఉత్పత్తి సంఖ్య పెద్దదిగా ఉండాలి. మాజ్డా కార్లలో అది సాధ్యమైంది. ఆ సంస్థ మొత్తం మీద సుమారు 20 లక్షల రోటరీ కార్లు తయారుచేసింది. విమానరంగంలో సంఖ్యలు వేరు. అమెరికా తయారీదారులు 1978లో 17,811 సాధారణ వినియోగ విమానాలను అందించారు. 1994 నాటికి ఆ సంఖ్య 928కి పడిపోయింది. ప్రమాద నష్టపరిహార దావాల భారం ఈ పతనానికి ఒక ప్రధాన కారణమని భావించి, తయారైన 18 సంవత్సరాల తరువాత తయారీదారుల బాధ్యతను పరిమితం చేసే చట్టాన్ని అమెరికా అదే ఏడాది తెచ్చింది. కోలుకున్న తరువాత కూడా ప్రపంచమంతటా కలిపి ఇటీవల ఏడాదికి అందుతున్న పిస్టన్ విమానాలు సుమారు 1,500 నుంచి 1,800 మాత్రమే.

ఒక ఊహాత్మక గణనతో దీని ప్రభావాన్ని చూడవచ్చు. రూపకల్పన, పరికరాలు, ధ్రువీకరణ అన్నీ కలిపి 80 కోట్ల రూపాయలు అయ్యాయనుకుందాం. 20,000 ఇంజిన్లు అమ్ముడుపోతే ఒక్కొక్కదాని మీద పడే భారం 40 వేలు. 2,000 అమ్మితే 4 లక్షలు. 200 అమ్మితే 40 లక్షలు. కొత్త ఇంజిన్ ఏటా అమ్ముడయ్యే 1,600 విమానాలలో 5 శాతాన్ని, అంటే 80 విమానాలను దక్కించుకుందనుకున్నా (ఇది ఉదారమైన అంచనా), పదేళ్లకు 800 ఇంజిన్లు. ఒక్కొక్కదాని మీద భారం 10 లక్షలు. లోహం కొనకముందే, కార్మికుడికి కూలి చెల్లించకముందే పడే భారం ఇది. పాత విమానాలలో ఇంజిన్ మార్పిడి ద్వారా మరికొన్ని అమ్మవచ్చు గానీ, ఒక్కొక్క విమాన నమూనాకూ విడిగా అనుబంధ ధ్రువపత్రం కావాలి. ఆ ఖర్చు మళ్లీ స్థిర వ్యయమే.

ఉత్పత్తి సంఖ్య పెరిగేకొద్దీ శ్రమ, నైపుణ్యం మెరుగై చర వ్యయం కూడా తగ్గుతుంది. విమానాల తయారీలో ఈ సంబంధాన్ని 1936లో గణితరూపంలో ప్రకటించినవాడు థియోడర్ పి. రైట్. సంచిత ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ శ్రమ వ్యయం సుమారు 20 శాతం తగ్గుతుందని ఆయన గమనించాడు. ఈ లెక్కన ఉత్పత్తి పదిరెట్లు అయితే వ్యయం 48 శాతానికి దిగుతుంది. ఆయన కర్టిస్-రైట్ సంస్థ ఇంజనీరు (విమానం కనిపెట్టిన రైట్ సోదరుల బంధువు కాడు). విచిత్రమేమంటే, వాంకెల్ ఇంజిన్ హక్కులను 1958లో కొని, దానిని విమానాలలోకి తేవడానికి అందరికంటే ముందు పూనుకున్నది కూడా కర్టిస్-రైట్ సంస్థే. తన ఇంజనీరు చూపిన వక్రరేఖ మీద కిందికి జారడానికి తగినంత సంఖ్య ఆ సంస్థకు ఎన్నడూ దొరకలేదు.

స్థిర వ్యయంలో ధ్రువీకరణ వాటా ఎంతటిదో తెలుసుకోవడానికి రోటాక్స్ 912 పిస్టన్ ఇంజిన్‌ను చూస్తే చాలు. ఆస్ట్రియాలో తయారయ్యే ఈ 100 హార్స్‌పవర్ ఇంజిన్ రెండు పేర్లతో దొరుకుతుంది. తేలికపాటి విమానాలకు ఉద్దేశించినది ఒకటి, ధ్రువీకరణ పత్రంతో వచ్చేది మరొకటి. యాంత్రికంగా రెండూ ఒకటేనని చెప్పవచ్చు. ధర మాత్రం ఒకటి కాదు. ఆ తేడా కాగితాలదీ, కాగితాల వెనుక ఉన్న పరీక్షలదీ. అమెరికా నిబంధనల ప్రకారం కొత్త విమాన ఇంజిన్ 150 గంటల సహన పరీక్షకు నిలవాలి. అది అనేక పరీక్షలలో ఒకటి మాత్రమే.

ఇంకొక అంశం ధరల పట్టికలో కనిపించదు. అది పాత పోటీదారు సౌలభ్యం. లైకమింగ్ ఓ-320 ఇంజిన్ 1953లో ధ్రువీకరణ పొందింది. దాని అచ్చులు, పరికరాలు, పరీక్షల ఖర్చు ఏనాడో రాబట్టుకోబడింది. ప్రతి విమానాశ్రయంలోనూ దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉంటాడు. విపణిలోకి వచ్చే కొత్త రోటరీ ఇంజిన్ పోటీపడవలసింది లైకమింగ్ సాంకేతికతతో కాదు, అది ఎప్పుడో తీర్చేసిన అప్పుతో.

కర్టిస్-రైట్ నుంచి మిస్ట్రాల్ వరకు

చరిత్ర ఈ విశ్లేషణను బలపరుస్తుంది. కర్టిస్-రైట్ రూపొందించిన 185 హార్స్‌పవర్ ఆర్‌సీ2-60 ఇంజిన్ 1960ల చివర లాక్‌హీడ్ క్యూ-స్టార్ అనే ప్రయోగాత్మక నిశ్శబ్ద విమానంలో ఎగిరింది. అదే ఇంజిన్‌ను సెస్నా కార్డినల్‌లోనూ పరీక్షించారు. యంత్రం పనిచేసింది. కానీ 1973 చమురు సంక్షోభం రోటరీ పరిశ్రమ మొత్తాన్నీ కుదిపివేసింది. పెద్ద మొత్తం చెల్లించి హక్కులు కొన్న జనరల్ మోటార్స్ వెనక్కు తగ్గింది. సిత్రోయెన్ తన రోటరీ కార్లను సుమారు 850 దగ్గర ఆపి, అమ్మినవాటిని తిరిగి కొనడానికి పూనుకుంది. కార్లలో సంఖ్య పెరిగి ఉంటే విమాన ఇంజిన్‌కు భాగాలు చౌకగా దొరికేవి. ఆ దారి మూసుకుపోయింది. 1984లో కర్టిస్-రైట్ తన రోటరీ విభాగాన్ని ట్రాక్టర్ల సంస్థ జాన్ డీర్‌కు అమ్మివేసింది. జెట్ ఇంధనంతో నడిచే రోటరీ కోసం నాసా తోడ్పాటుతో ఆ దశాబ్దంలో జరిగిన పరిశోధన సాంకేతికంగా ఎంతో విలువైనది. దానినుంచి విపణిలో నిలిచిన విమాన ఇంజిన్ మాత్రం రాలేదు.

మాజ్డా కార్లే ఒక పక్కదారి తెరిచాయి. అమెరికాలో సొంత చేతులతో విమానాలు కట్టుకునే ఔత్సాహికులు మాజ్డా 13బి ఇంజిన్‌ను విమానానికి అనుకూలంగా మార్చుకున్నారు. పాత కారు ఇంజిన్ కొన్ని వేల డాలర్లకు దొరికేది. గేరు పెట్టెకు ఆటోమేటిక్ కార్లలోని గ్రహ గేర్లను వాడుకున్నారు. జ్వలన నియంత్రణ పరికరాలను కొందరు స్వయంగా రూపొందించుకున్నారు. ఇది చౌక ఎందుకైందో గమనించాలి. స్థిర వ్యయాన్ని కార్లు కొన్నవాళ్లు చెల్లించారు. ఔత్సాహిక నిర్మాణాలకు ఇంజిన్ ధ్రువీకరణ అక్కరలేదు. ఇక వందల గంటల సొంత శ్రమను ఎవరూ ఖరీదు కట్టి లెక్కలో వేసుకోలేదు. ఈ మూడిటిలో ఏ ఒక్కటి తొలగినా ఆ ధర నిలవదు. ఆర్‌ఎక్స్-8 ఉత్పత్తి 2012లో ఆగిపోయాక మొదటిది క్రమంగా తొలగిపోతోంది.

ఈ పక్కదారిని రాజమార్గం చేయాలని చూసిన సంస్థ స్విట్జర్లాండ్‌కు చెందిన మిస్ట్రాల్. మాజ్డా మూలాకృతి ఆధారంగా రెండు రోటర్లతో 200 హార్స్‌పవర్ స్థాయిలోనూ, మూడు రోటర్లతో 300 హార్స్‌పవర్ స్థాయిలోనూ విమాన ఇంజిన్లు రూపొందించి, ధ్రువీకరణకు సిద్ధమైంది. పైపర్ విమానంలో వాటిని ఎగురవేసింది కూడా. ధ్రువీకరణ ముగింపుకు చేరకుండానే ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఔత్సాహికుడి ఇంజిన్‌ను చౌకగా ఉంచిన షరతులు ధ్రువీకరించిన ఇంజిన్‌కు వర్తించవన్నది నా అభిప్రాయంలో ఈ ఉదంతం నుంచి గ్రహించవలసిన అసలు విషయం.

గంట ఖర్చు

కొనుగోలుదారు ఇంజిన్ ధరను మాత్రమే చూడడు. గంటకు ఎంత పడుతుందో చూస్తాడు. 100 హార్స్‌పవర్ తరగతి విమానం సగటున 50 కిలోవాట్ల శక్తితో ఎగురుతుందనుకుందాం. నాలుగు ఘాతాల పిస్టన్ ఇంజిన్ కిలోవాట్-గంటకు 285 గ్రాముల పెట్రోలు, రోటరీ 340 గ్రాములు తీసుకుంటాయని భావిద్దాం. గంటకు ఇంధనం 14.25 కిలోలు, 17 కిలోలు అవుతుంది. తేడా 2.75 కిలోలు, అంటే సుమారు 3.8 లీటర్లు. లీటరు 100 రూపాయల చొప్పున గంటకు 380 రూపాయలు. పిస్టన్ ఇంజిన్లకు సాధారణమైన 2,000 గంటల ఓవర్‌హాల్ వ్యవధిలో ఈ తేడా 7.6 లక్షల రూపాయలకు చేరుతుంది. ఏడాదికి 600 గంటలు ఎగిరే శిక్షణ పాఠశాల దీన్ని భరించదు. ఏడాదికి 50 గంటలు ఎగిరే సొంత విమానం యజమానికి అది 19 వేలు మాత్రమే. కానీ ఇతనే కొత్త ఇంజిన్ మీద లక్షలు పెట్టడానికి అందరికంటే ఎక్కువ వెనుకాడే కొనుగోలుదారు.

బరువు విషయంలోనూ ఇదే లెక్క. అనుబంధ పరికరాలన్నీ చేర్చిన తరువాత రోటరీ 20 కిలోలు తేలిక అనుకుంటే, అదనంగా మోయవలసిన ఇంధనం ఆ లాభాన్ని సుమారు 7 గంటలలో తినేస్తుంది. నికర లాభం 8 కిలోలే అయితే 3 గంటలలోపే. ఓవర్‌హాల్ వ్యవధి మరొక చిక్కు. రోటాక్స్ 912కు ఆరంభంలో 600 గంటల వ్యవధి మాత్రమే ఉండేది. వేలాది ఇంజిన్లు ఎగిరి, వాటి అనుభవం సమకూరిన తరువాతే అది దశలవారీగా 2,000కు పెరిగింది. 2014 నాటికి ఆ కుటుంబపు ఇంజిన్లు 50,000 తయారయ్యాయి. తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే ఇంజిన్‌కు ఆ అనుభవం సమకూరదు. వ్యవధి పెరగక గంట ఖర్చు తగ్గదు, గంట ఖర్చు తగ్గక అమ్మకాలు పెరగవు.

నిజంగా కొంటున్నది ఎవరు

ఈ లెక్కను తిరగవేసి చూస్తే రోటరీకి అనువైన కొనుగోలుదారు రూపం తెలుస్తుంది. తక్కువ గంటలు ఎగిరేవాడు, బరువుకూ కంపనానికీ ఎక్కువ విలువ ఇచ్చేవాడు, సంపూర్ణ ధ్రువీకరణ అక్కరలేనివాడు. విపణిలో రోటరీ నిలిచిన చోట్లన్నీ సరిగ్గా ఇలాంటివే.

మొదటిది స్వయంగా నేలమీదినుంచి లేవగల గ్లైడర్. జర్మనీ ష్లైషర్ సంస్థ ఏఎస్‌హెచ్ 26ఈ గ్లైడర్‌లో సుమారు 50 హార్స్‌పవర్ రోటరీని వాడారు. ఇంజిన్ గ్లైడర్ దేహంలోనే ఉంటుంది. ప్రొపెల్లర్ మాత్రం పైకి లేస్తుంది. గ్లైడర్ పైకి చేరాక ఇంజిన్‌కు పని లేదు. ఒక్కొక్క ప్రయాణంలో కొన్ని నిమిషాలే నడిచే ఇంజిన్‌కు ఇంధన పొదుపు ప్రశ్నే రాదు. బ్రిటన్‌లో పుట్టిన ఆ ఇంజిన్ వంశం నేడు ఆస్ట్రియాలోని ఆస్ట్రో ఇంజిన్ సంస్థ ఏఈ50ఆర్ పేరుతో కొనసాగుతోంది. అదే సంస్థ తన ప్రధాన విమాన ఇంజిన్ ఏఈ300ను మెర్సిడెస్ కారు డీజిల్ ఇంజిన్ ఆధారంగా రూపొందించింది. రోటరీ పరిజ్ఞానం చేతిలో ఉన్న సంస్థ కూడా ఎక్కువ గంటలు ఎగిరే విమానానికి వచ్చేసరికి, స్థిర వ్యయాన్ని లక్షలాది కార్లు భరించిన యంత్రాన్ని ఎంచుకుంది.

రెండవది, నేటి అసలు విపణి, మానవరహిత విమానం. నార్టన్ మోటార్‌సైకిళ్ల రోటరీ పరిజ్ఞానం నుంచి రూపొందిన ఇంజిన్లను ఇంగ్లండు లిచ్‌ఫీల్డ్ ప్రాంతంలోని యూఏవీ ఇంజిన్స్ సంస్థ తయారుచేస్తుంది. దాని 38 హార్స్‌పవర్ ఏఆర్-741 అమెరికా సైన్యపు షాడో విమానంలో, 52 హార్స్‌పవర్ ఇంజిన్ ఇజ్రాయెల్ హెర్మిస్ 450లో పనిచేశాయి. ఈ పరిమాణంలో రోటరీకి పోటీ నాలుగు ఘాతాల ఇంజిన్ కాదు, రెండు ఘాతాల ఇంజిన్. అది ఇంధనం విషయంలో రోటరీ కంటే మెరుగు కాదు, కంపనం విషయంలో ఎంతో వెనుకబడినది. కెమెరా మోసే విమానానికి కంపనం లేకపోవడమే చిత్ర నాణ్యత. పోటీదారు మారగానే లెక్క మారిపోయింది.

పరిమాణం పెరగగానే పాత లెక్క మళ్లీ వర్తిస్తుంది. లిచ్‌ఫీల్డ్ ఇంజిన్ కర్మాగారానికి యజమాని ఇజ్రాయెల్ ఎల్బిట్ సంస్థే. అయినా 30 గంటలకు పైగా ఎగరవలసిన తన హెర్మిస్ 900కు అది ఎంచుకున్నది రోటాక్స్ 914 పిస్టన్ ఇంజిన్. ఈ హెర్మిస్ 900 శ్రేణి విమానాల కోసం అదానీ, ఎల్బిట్ సంస్థలు కలిసి 2018 డిసెంబరులో హైదరాబాదులో కర్మాగారం ప్రారంభించాయి. భారత నౌకాదళానికి దృష్టి 10 పేరుతో 2024 జనవరిలో మొదటి విమానం అక్కడినుంచే వెలువడింది. సొంత రోటరీ కర్మాగారం ఉన్న యజమాని పెద్ద విమానానికి పిస్టన్‌ను ఎంచుకోవడం కంటే స్పష్టమైన విపణి తీర్పు వెతకనక్కరలేదు.

మూడవది చెప్పుకోవడానికి కొంత ఇబ్బందికరమైన విపణి. ఇజ్రాయెల్ హార్పీ వంటి సంచార ఆయుధాలలో రోటరీ ఇంజిన్ ఉంది. శత్రు రాడార్ మీదికి దూకి తానూ నశించే ఈ వాహనంలో ఇంజిన్ ఒక్కసారే ఎగురుతుంది. ఓవర్‌హాల్ వ్యవధి, సీళ్ల అరుగుదల, జీవితకాల ఇంధన ఖర్చు అన్నీ అర్థం కోల్పోతాయి. రోటరీ మీద ఉన్న అభ్యంతరాలలో ఎక్కువ భాగం తిరిగి రాని వాహనం విషయంలో వాటంతట అవే తొలగిపోతాయి. దీర్ఘాయువు కోసం దశాబ్దాలు పరిశోధన జరిగిన యంత్రానికి అల్పాయువు విపణిలో ఆదరణ దొరకడాన్ని అధ్యాపకులు తరగతిలో ఎలా చెబుతారో నాకు తెలియదు. కానీ చెప్పకుండా దాటవేస్తే ఈ ఇంజిన్ అర్థశాస్త్రం సగమే చెప్పినట్లవుతుంది.

విద్యుత్ విమానాలకు తోడుగా విద్యుదుత్పత్తి చేసే చిన్న ఇంజిన్‌గా రోటరీకి భవిష్యత్తు ఉందని ఇటీవల తరచూ వినిపిస్తోంది. మాజ్డా 2023లో ఎంఎక్స్-30 కారులో 830 సీసీ ఒంటి రోటర్ ఇంజిన్‌ను జనరేటర్ కోసం మాత్రమే వాడింది. స్థిరమైన వేగంతో నడిపినప్పుడు రోటరీ లోపాలు కొంత తగ్గుతాయి కూడా. అయితే విమానాలలో ఈ అమరిక విపణి ఇంకా రూపుదిద్దుకోలేదు కనుక ధర గురించి మాట్లాడడం తొందరపాటే.

నిశాంత్ అనుభవం

భారతదేశంలో ఈ చర్చకు ఆధారం నిశాంత్. బెంగళూరులోని వైమానిక అభివృద్ధి సంస్థ రూపొందించిన ఈ నిఘా విమానం రైలు పట్టా వంటి ప్రక్షేపకం నుంచి లేచి, పారాచూట్‌తో దిగేది. నాలుగున్నర గంటలు ఎగరగలిగేది. పై లెక్కల ప్రకారం రోటరీకి ఇది అచ్చంగా తగిన వాహనం. మొదట దానికి బ్రిటన్ నుంచి దిగుమతి చేసుకున్న ఏఆర్-801 రోటరీని వాడారు. ఆ ఇంజిన్ స్థానంలో 55 హార్స్‌పవర్ స్వదేశీ రోటరీని జాతీయ వైమానిక ప్రయోగశాల, అహ్మద్‌నగర్‌లోని వాహన పరిశోధన సంస్థ, వైమానిక అభివృద్ధి సంస్థ కలిసి రూపొందించాయి. 2009లో కోలార్ వద్ద ఆ ఇంజిన్‌తో నిశాంత్ ఎగిరింది. ఎపిట్రోకాయిడ్ గూడు, దాని పూత, సీళ్లు అన్నీ ఇక్కడే సాధించగలిగారు. ఇది చిన్న విజయం కాదు.

కానీ ఆ ఇంజిన్‌కు కొనుగోలుదారు ఒక్కరే. ఆ ఒక్కరికీ వాహనం ఒక్కటే. సైన్యానికి అందిన నాలుగు నిశాంత్ విమానాలూ ప్రమాదాలకు గురై, 2015లో ఆ కార్యక్రమం నిలిచిపోయినప్పుడు ఇంజిన్ విపణి కూడా దానితోపాటు ముగిసింది. ఇంజిన్ ధర ఎంతైతే గిట్టుబాటు అవుతుంది అన్న ప్రశ్నకు అప్పుడు అర్థం లేకపోయింది. నాలుగింటితో గానీ, నలభైతో గానీ పంపిణీ చేయగలిగిన స్థిర వ్యయం కాదది.

తరువాతి విధానాలు ఈ లోటును పూడ్చాయా? 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం డ్రోన్లకు, వాటి భాగాలకు 120 కోట్ల రూపాయల ఉత్పత్తి ప్రోత్సాహక పథకం ప్రకటించింది. 2022 ఫిబ్రవరిలో సంపూర్ణ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. భాగాల దిగుమతిని మాత్రం స్వేచ్ఛగా వదిలింది. ఈ తేడా ఇంజిన్ తయారీదారుకు కీలకమైనది. డ్రోన్ కూర్చేవారికి రక్షణ లభించింది. ఇంజిన్ చేసేవారు మాత్రం లిచ్‌ఫీల్డ్‌లో ఎప్పుడో స్థిర వ్యయం రాబట్టుకున్న ఇంజిన్‌తో నేరుగా పోటీపడాలి. ఆ పోటీలో స్వదేశీ ఇంజిన్ ధరతో గెలవడం ఆరంభ సంవత్సరాలలో సాధ్యం కాదు.

అయితే ధర ఒక్కటే ధర కాదు. 2020 అక్టోబరులో రోటాక్స్ మాతృసంస్థ బీఆర్‌పీ, వినియోగం స్పష్టంగా లేని దేశాలకు విమాన ఇంజిన్ల సరఫరాను నిలిపివేసింది. తుర్కియే బైరక్తార్ టీబీ2 డ్రోన్లలో తన ఇంజిన్లు వాడుతున్నారన్న విషయం వెలుగులోకి రావడం దానికి కారణం. దిగుమతి ఇంజిన్ మీద ఆధారపడే ఏ దేశానికైనా ఇది జరగవచ్చు. సరఫరా ఆగిపోయే ప్రమాదానికి ఎంత అదనపు ధర చెల్లించడం సమంజసం అన్నది రక్షణ ఆర్థికశాస్త్ర పరిశోధకులు చేపట్టదగిన అంశం.

నా అంచనాలో మన రోటరీ ప్రయత్నం హంస వంటి శిక్షణ విమానాల వైపు చూడకూడదు. ఆ విమానానికి జాతీయ వైమానిక ప్రయోగశాల స్వయంగా రోటాక్స్ ఇంజిన్లనే ఎంచుకుంది. ఏడాదికి వందల గంటలు ఎగిరే విమానానికి అది సరైన ఎంపిక. 30 నుంచి 60 హార్స్‌పవర్ మధ్య, అయిదారు గంటలకు మించి ఎగరని నిఘా విమానాలు, గురిసాధనకు వాడే లక్ష్య విమానాలు, సంచార ఆయుధాలు ఒకే మూలాకృతి ఇంజిన్‌ను పంచుకోగలిగితే, త్రివిధ దళాల అవసరాలు కలిసి కొన్ని వందల నుంచి కొన్ని వేల వరకు చేరవచ్చు. పై ఊహాత్మక గణనలో 200కూ 2,000కూ మధ్య ఇంజిన్ మీద పడే భారం 40 లక్షల నుంచి 4 లక్షలకు తగ్గింది. అందువల్ల కొత్త రూపకల్పనకు టెండరు పిలవడానికి ముందు, ఏ ఏ వాహనాలకు ఒకే గూడు, ఒకే రోటర్, ఒకే సీలు సరిపోతాయో నిర్ణయించి, ఆ వాహనాల కొనుగోలు సంఖ్యను కనీసం అయిదేళ్లకు ముందుగా ప్రకటించవలసి ఉంటుంది. నిశాంత్ ఇంజిన్ తయారైనప్పుడు అలాంటి సంఖ్య దాని ముందు లేదు.